మడుగులో లేని బురద

గని నుంచి వచ్చే నల్లనీళ్ళు మా మడుగులో నిలవాలి, బురద అడుక్కి దిగాలి, తేట నీళ్ళే వాగులోకి పోవాలి. కాగితం మీద సంగతి అది. మడుగు బురదతో నిండిపోయి మూడేళ్ళయింది. పరీక్షకు పంపే సీసా మాత్రం నేను ఆఫీసు కుళాయి దగ్గర నింపుతాను. "పెద్ద చదువులు చదివినవాళ్ళకు లేని నొప్పి నీకెందుకోయ్?" అని సూపర్‌వైజరు ఒకసారి నవ్వాడు. ఆ తరవాత నాకూ నొప్పి పోయింది.

ఆ రాత్రి నింపిన సీసా తేటగానే ఉంది. బల్ల మీద పెట్టాను. పావుగంటకు అడుగున వేలెడు మందాన నల్లబురద పేరుకుంది. పారబోసి మళ్ళీ నింపాను. మళ్ళీ అంతే.

టార్చిలైటు పట్టుకుని మడుగు దగ్గరికి పరిగెత్తాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున సిమెంటు గచ్చు కనిపిస్తోంది. మూడేళ్ళ బురదలో చిటికెడు కూడా లేదు. మడుగు తోడే పంపు ఆగిపోయి ఉంది. కప్ప కూడా అరవడం లేదు.

మా క్వార్టర్సుకూ అదే కుళాయి లైను. ఇంటికి ఫోన్ చేస్తే కూతురు పలికింది.

"అమ్మాయీ, కుళాయి నీళ్ళు ముట్టకండి! పిల్లాడికి అసలు పట్టకు!"

"ఇందాకే గ్లాసెడు తాగి పడుకున్నాడు నీ మనవడు. నీళ్ళు బానే ఉన్నాయిగా నాన్నా, ఏమైంది?"

"ముందు వాణ్ణి ఎత్తుకో."

మంచం కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది.

"నాన్నా," అంది, "వీణ్ణి ఎత్తలేకపోతున్నాను. ఇంత బరువేంటి వీడు?"