పడిపోయిన మూడక్షరాలు

మా ప్రెస్సు మేనేజరు ఒక మెమో తెచ్చి, నేను దిద్దుతున్న ప్రూఫుల మీద పడేశారు. ‘మీరు ఆఫీసులో నిద్రపోతున్నారు. సంజాయిషీ ఇవ్వండి.’

“మీ గురక ముందు మన మెషీన్లు దిగదుడుపేనమ్మా! రాత్రిళ్లు ఏం చేస్తారు?” అని గట్టిగా అడిగారు.

ప్రెస్సంతా నవ్వింది.

పందొమ్మిదేళ్లుగా తప్పులు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? ఎర్రపెన్నుతో ‘ఆఫీసులో’ కొట్టేసి ‘ఇంట్లో’ అని రాశాను. ‘నిద్రపో’ తర్వాత ‘లేకపో’ చేర్చాను.

“మూడక్షరాలు పడిపోయాయి సార్. గురక పెడితే నిద్రపోయినట్టు కాదు. నాకు నిద్రలో గంటకు నలభైసార్లు ఊపిరి ఆగిపోతోంది. డాక్టరు రిపోర్టు ఇదిగో. ఇవాళ్టి నుంచి గాలి పంపే మాస్కు పెట్టుకునే పడుకుంటాను.”

“మరి సంజాయిషీ?”

“మీరు రాసిందే, దిద్దాక. పైకి చదవండి.”

“మీరు ఇంట్లో నిద్రపోలేకపోతున్నారు” అని గొణిగారు.

“మెషీన్ల చప్పుడులో వినపడలేదు సార్. నా గురకంత గట్టిగా చదవండి!”