బ్యాటరీకి పోసిన తీర్థం

సోమరాజుగారు ఎంత నొక్కినా కారు సెల్ఫ్ స్టార్టరు పలకలేదు. కైకలూరు మెకానిక్ ఏలీయా బ్యాటరీ మూతలు విప్పి చూశాడు.

"ఇందులో ఏ నీళ్లు పోశారండీ?"

"శుద్ధమైన నీళ్లు పోయమన్నది నువ్వే కదయ్యా. మా ఆవిడ పుష్కరాలకి వెళ్లి తెచ్చిన గోదావరి పోశాను."

"ఆ నీళ్లే బ్యాటరీని పాడుచేశాయండీ."

"గోదావరిని అంత మాటంటావా? ఇంక నా గుమ్మం తొక్కకు."

ఏలీయా సామాను సర్దుకోసాగాడు. తలుపు చాటునుంచి రాజుగారి భార్య సత్యవేణిగారు నెమ్మదిగా అన్నారు.

"అతన్నేమీ అనకండి. భీమవరంలో రైలు మారేటప్పుడు బిందె ఒలికిపోయిందండీ. మీకు చెప్పలేక స్టేషన్ కుళాయి నీళ్లు పట్టించాను."

"చూశావా, తప్పు గోదావరిది కాదు," అన్నారు రాజుగారు తేలిగ్గా. అంతలోనే ఆయన గొంతు తగ్గింది. "మరి మంచంపట్టిన కరణంగారి తల్లి లేచి కూర్చున్నది ఏ తీర్థానికి?"

"ఆ నీళ్లకేనండీ."

గేటు దగ్గర తీర్థం కోసం జనం చెంబులతో నిలబడి ఉన్నారు. రాజుగారు వాళ్లకేసి చూసి, బ్యాటరీకి మూతలు బిగించారు.

"ముందు వాళ్లకి తీర్థం పోయించండి," అన్నారు భార్యతో. " పుచ్చుకుని, కారు తోసిపెడతారు."