ఇంట్లోనే ఉంది

చెల్లీ, పది రోజులుగా దేవుడి ముందు చెప్పుకుంటున్నా మనసు తేలికపడలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఎన్నికల ప్రచారంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఒక కాలేజీ పిల్ల ఓటర్ల జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆరు ఆఫీసులు తిరిగితే ఈ పని దొరికిందాంటీ. ఇదైనా నిలబెట్టుకోవాలి" అంటూ నవ్వి, జాబితాలో మా అమ్మాయి పేరు చదివింది. "నా ఈడుదే. మొదటి ఓటు కదా, ఇంట్లో ఉందా?"

"స్నానం చేస్తోందమ్మా" అన్నాను.

"మా అమ్మ కూడా ఇంతే, నా స్నానానికి ట్యాంకు చాలదంటుంది. పర్లేదు, కూర్చుంటా."

నేను లోపలికి వెళ్లి కుళాయి తిప్పి వచ్చాను. ఆ నీళ్ల చప్పుడు వింటూ ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. చివరికి ఆ పిల్ల "ఇంట్లో ఉంది" అని రాసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వాళ్ల సూపర్‌వైజర్ జాబితా సరిచూడటానికి వచ్చాడు. మీ బావగారు తలుపు తీశారు.

"మా అమ్మాయి చనిపోయి ఏడాది దాటిందండీ" అన్నారు.

"చూశారా, ఇళ్లకు రాకుండానే రాసేస్తున్నారు. ఆ పిల్లని ఇవాళే పనిలోంచి పంపించేస్తాను" అన్నాడతను.

నేను తలుపు వెనకే ఉన్నాను. ధైర్యం చేసి వాళ్ల ఆఫీసుకు వెళ్లేసరికి ఆ పిల్ల లేదు. నేను తన పేరైనా అడగలేదు.

ఈ ఉత్తరం నీ దగ్గరే దాచు చెల్లీ. మీ బావగారికి మాత్రం చూపించకు. తను నిజం చెప్పడం వల్లే ఆ పిల్ల పని పోయిందని ఆయన కుమిలిపోతారు.