ఖాళీ వరుస

పొద్దున్నే, ఇంకా తెరవని ఎదురు షాపు అద్దాల వెనక తన కుర్చీని చూసి, కుర్చీల కార్ఖానా యజమానికి గుండె ఆగినంత పనైంది.

తనదంటే, తనింకా తయారుచెయ్యనిది. కాగితం మీద మాత్రమే ఉన్నది. ఆ ఒక్కగానొక్క డ్రాయింగ్ బీరువా దాటితే చాలు, ఎవరిచ్చారో, ఎవరు తీసుకున్నారో ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పకూడదని ఒట్టు కూడా వేయించాడు. అయినా అచ్చు గుద్దినట్టు అదే కుర్చీ! పైగా పక్కనే ఓ బోర్డు: ‘ఇందులో రహస్యపు సొరుగుంది. ఎక్కడుందో కనుక్కోండి చూద్దాం!’

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు!” అని తల పట్టుకున్నాడు.

“ఆయన పట్టలేకపోతే కంప్యూటరు పడుతుంది మామయ్యగారూ,” అన్నాడు అల్లుడు.

అల్లుడు కార్ఖానాలో కంప్యూటర్లు చూస్తాడు. ఆ మధ్య మేనేజరు పదవి అడిగి లేదనిపించుకున్నాడు. అదేమీ మనసులో పెట్టుకోకుండా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు, పాపం.

“గ్రాఫ్ కడతాను. మనిషికో చుక్క. డ్రాయింగ్ చేతులు మారినప్పుడల్లా ఇచ్చినవాళ్ళ నుంచి తీసుకున్నవాళ్ళకి ఓ బాణం.”

“మ్యాట్రిక్స్‌లా వెయ్యండి. అందరి పేర్లూ అడ్డంగా, నిలువుగా రాసి,” అంది యజమాని కూతురు, అంటే అతని భార్య. ఆవిడా ఆ చదువే చదివింది.

“అన్ని ఖాళీ గడులు దండగ కదూ! పుస్తకంలో ఉన్న బాణాల జాబితా చాలు.”

గంటలో తెర మీద పదకొండు చుక్కలు మెరిశాయి. వాటిలో ఒక్కదాని మీదికే ఏడు బాణాలు. ఆ చుక్క లేత్ మేస్త్రీది.

“చూశారా! ఎడమచేతి కింద సొరుగు కొలతలన్నీ ఎత్తి రాసుకోవాలంటే ఏడుసార్లు తియ్యక తప్పుతుందా?” అన్నాడు అల్లుడు.

కబురందుకుని వచ్చిన మేస్త్రీ ముఖం పాలిపోయింది. “మతిమరుపు అయ్యగారూ! కొలత చూసుకున్న మరుక్షణం మర్చిపోతాను. ఇరవై ఏళ్ళు మీ ఉప్పు తిన్నవాణ్ణి, నేనెందుకు చేస్తానండీ?”

“రేపట్నుంచి పనిలోకి రావద్దు,” అన్నాడు యజమాని.

కూతురు తెరకేసి చూస్తూ, “ఒక్క నిమిషం నాన్నా. కార్ఖానాలో అందరం కలిపి పన్నెండుమందిమి కదా, చుక్కలు పదకొండేమిటి?” అంది.

అల్లుడు నవ్వాడు. “ఆ పన్నెండోవాణ్ణి నేనేలేవోయ్. నేను డ్రాయింగ్ ముట్టుకుంటే కదా బాణముండేది! బాణం లేనివాడు జాబితాలోకి రాడు. దాన్ని కంటితో కూడా చూడనివాణ్ణి లెక్కలో వేసుకుని ఏం లాభం?”

“నిజమే,” అని ఆవిడ కీబోర్డు తన వైపు లాక్కుంది. జీతాల రిజిస్టరు చూసి పన్నెండు పేర్లూ ఎక్కించింది. జాబితా కాస్తా మ్యాట్రిక్స్ అయింది: బాణమున్న గడిలో ఒకటి, లేని గడిలో సున్నా. పదకొండు వరుసల్లో ఒకట్లు, సున్నాలు కలగలిసి ఉన్నాయి. చివరి వరుస మాత్రం మొత్తం సున్నాలే.

మేస్త్రీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో భర్తకేసి తిరిగింది.

“మీ అడ్డవరుసా ఖాళీయే, నిలువువరుసా ఖాళీయే. మరి ఆ సొరుగు కుర్చీ ఎడమచేతి కింద ఉందని మీకెలా తెలిసిందండీ?”