పక్కన వదిలిన చోటు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే ఆమె ఈ ఊరికి వచ్చి నెల అయింది. పాత ఊళ్ళో సైకిలెక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. బస్సులు భుజాన్ని రాసుకుంటూ పోయేవి. ఇక్కడి కార్లు హారనైనా కొట్టకుండా దూరంగా జరిగి దాటిపోతాయి. "ఇక్కడి డ్రైవర్లు దేవుళ్ళే అక్కా!" అని ఫోనులో మురిసిపోయింది కూడా.

ఆ రాత్రి దుకాణం మూసి సైకిలు మీద బయలుదేరేసరికి రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. వెనకనుంచి వచ్చిన కారు రోడ్డు అవతలి అంచుదాకా జరిగి ఆమెను దాటింది. మరీ అంత మర్యాదా అని నవ్వుకుంది. తర్వాతి కారూ అంతే.

ఆ వెనక వచ్చిన ఖాళీ బస్సు ఆమె పక్కన నెమ్మదించింది. డ్రైవరు ఆమె వైపు వంగి, తెరిచి ఉన్న తలుపులోంచి కేకేశాడు.

"జంటగా తొక్కకండమ్మా, ఒకరి వెనక ఒకరు వెళ్ళండి. నెల్రోజులుగా చూస్తున్నా, ఆయన బండికి లైటు కూడా లేదు."

"ఎవరి బండికండీ?"

అతను ఆమెకూ బస్సుకూ మధ్య ఉన్న ఖాళీలోకి చూశాడు. గబుక్కున వెనక్కి జరిగి బస్సును ఉరికించాడు.

ఆ చప్పుడు దూరమయ్యాక వీధంతా సద్దుమణిగింది. ఆమె బ్రేకు నొక్కింది. సైకిలు కీచుమని ఆగింది.

ఒక్క క్షణం ఆలస్యంగా, పక్కనే, ఇంకో బ్రేకు కీచుమంది.