గేట్లు మూసేదాకా

మేకుల షావుకారు చేతిలో అప్పటికి ఉన్నవి ఒక గొడుగు, ముద్ర వేసిచ్చిన రెండు టికెట్లు, ఆరేళ్ళ మనవరాలు. ఎదురుగా ఉన్నది వాన. పార్కులోకి వచ్చి నాలుగడుగులు వేశారో లేదో, మెరుపులు తగ్గేదాకా జెయింట్ వీలూ రోలర్ కోస్టరూ నడవవని మైకులో చెప్పేశారు. లోపలికి వచ్చిన జనమంతా నెత్తిమీద సంచులు పెట్టుకుని గేటు వైపు తిరిగారు.

"మనం కూడా ఇంటికెళ్దామా, తాతయ్యా?"

"టికెట్టు కొన్నాక గేట్లు మూసేదాకా ఉండాలమ్మా. మధ్యలో పోతే లాభం వాళ్ళది."

ఆయనకు ఆ రోజు కావలసింది అదొక్కటే. గేట్లు మూసేదాకా పిల్ల లోపలే ఉండాలి, అదీ ఏడవకుండా. మేకులూ బోల్టులూ అమ్ముతూ తల నెరిసిన మనిషి ఆయన. వానాకాలంలో పెయింటు డబ్బాలు కదలకపోతే దిగులుపడి కూర్చునే రకం కాదు. కప్పు కారుతున్నవాడు రేకు మేకుల కోసం వస్తాడని వాటిని ముందు వరసలో పెట్టేవాడు. ఇక్కడా అదే చేశాడు. పైన కప్పున్న ఆటలేమిటో కనుక్కుని, వాటిని ముందు వరసలోకి తెచ్చాడు. బంపర్ కార్లు, అద్దాల గది, రంగులరాట్నం. అంతకుమించి సరుకు లేదు.

బంపర్ కారు పిల్ల నడిపింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా షావుకారు పక్కన ఇరుక్కున్నాడు. గుద్దడానికి మనుషులున్న కారు ఒక్కటీ లేదు. ఆగి ఉన్న వాటినే వెతికి వెతికి గుద్దారు. ఆ సంబరం కూడా ఎంతోసేపు సాగలేదు. నేల తడిసింది, షాక్ కొడుతుందని దింపేశారు.

పొద్దున వాళ్ళమ్మ వేసి, విప్పి, మళ్ళీ వేసిన జడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్ల అమ్మ దగ్గరికి వెళ్దామంది. ఆయన పాప్‌కార్న్ కొనిచ్చి బేరం పెట్టాడు. అది అయిపోగానే మళ్ళీ అదే మాట. రోలర్ కోస్టర్ స్తంభాల కిందికి తీసుకెళ్ళి బోల్టులు చూపించాడు. ఇంత పెద్దవి మన కొట్లో ఉన్నాయా అని అడిగితే, నీ అంతవి కూడా ఉన్నాయని అబద్ధమాడాడు. పిల్ల కాస్త నవ్వి, తరువాత ఇంటికెప్పుడని అడిగింది.

రంగులరాట్నం ఆపరేటరు అప్పటికే గుర్రాల మీద పరదాలు కప్పుతున్నాడు. ఇద్దరి కోసం తిప్పే పద్ధతి లేదని, సగం గుర్రాలన్నా నిండాలని చెప్పాడు. మొత్తం పార్కులో మేమే మిగిలాం కదా, ఎవరొచ్చి నింపుతారని షావుకారు వాదించాడు. అందుకేగా మూసేస్తున్నామన్నాడు ఆపరేటరు. షావుకారు జేబులో చెయ్యి పెట్టబోతే, పైన కెమెరా ఉందని కళ్ళతోనే వారించాడు.

ఎంత పెద్ద కాంట్రాక్టరు వచ్చినా చెప్పిన ధర మీద నిలబడే మనిషి, గొడుగు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"కాసేపు తిప్పు నాయనా. దీన్ని తీసుకుని ఇంకెక్కడికీ వెళ్ళలేను."

"అదేంటి పెద్దాయనా, ఇల్లు లేదా?"

"ఉంది" అన్నాడు షావుకారు.

ఆపరేటరు ఆయన్నీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. వానలో మోటారు ఎలా ఉందో పరీక్ష చేశానని చెప్పుకుంటాలెమ్మని ఒక పరదా లాగాడు.

పిల్ల తెల్ల గుర్రమెక్కి తిరుగుతుండగా కొడుకు ఫోన్ చేశాడు. షావుకారు చూరు కిందికి జరిగి, అంతా విని, గేట్లు మూసేదాకా ఉంటాంలే అని పెట్టేశాడు. తిరిగొచ్చేసరికి రాట్నం ఆగి ఉంది.

"ఫోన్లో నాన్నేనా?"

"ఊఁ."

"ఏమన్నాడు?"

"గొడుగు సరిగ్గా పట్టుకోమన్నాడు."

పిల్ల గుర్రం మెడ పట్టుకుని కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఇక ఇంటి ఊసెత్తలేదు. పైగా ఇంకో రౌండని తనే అడిగింది. నల్ల గుర్రం, ఎర్ర గుర్రం, చెవి విరిగిన గుర్రం, ఒకటీ వదలలేదు. ఆపరేటరు బాబోయ్ ఇక నావల్ల కాదన్నాక, తాతయ్య చెయ్యి పట్టుకుని అద్దాల గదికి లాక్కెళ్ళింది. పొట్టి తాతయ్యను చూసి, పొడుగు తాతయ్యను చూసి పడీ పడీ నవ్వింది. మోకాళ్ళ నొప్పులని ఆయన చతికిలబడితే, "అప్పుడే కూర్చుంటే ఎలా? టికెట్టు కొన్నాం కదా" అని దబాయించింది.

ఇంత తేలిగ్గా బేరం కుదిరిందంటే ఎక్కడో తేడా ఉండాలని షావుకారి వ్యాపారబుద్ధికి ఒకసారి తట్టింది. తట్టినా, తరిచి అడగడానికి ధైర్యం చాలలేదు.

చీకటి పడుతుంటే కాపలావాడు ఈల వేసుకుంటూ వచ్చాడు. అప్పుడే కొడుకు మళ్ళీ ఫోన్ చేసి, ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. షావుకారు ఫోన్ జేబులో వేసుకుని, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ వేసుకున్నాడు. పిల్లను ఎత్తుకుని గేటు దాటాడు. వెనక తలుపులు మూసుకున్నాయి.

బస్సు షెడ్డు కింద నిలబడి లెక్క చూసుకున్నాడు. గొడుగు పుల్ల ఒకటి విరిగింది. చెప్పులు నానిపోయాయి. పిల్లకు తుమ్ములు పట్టుకున్నాయి. ఎక్కాలని వచ్చిన ఆటల్లో ముఖ్యమైనదేదీ ఎక్కలేదు. అన్నీ పోగా మిగిలింది ఒక్కటే. ఇంత వానలోనూ పిల్ల కంట నీరు పెట్టలేదు. ఈ రోజుకి అదే పదివేలనుకున్నాడు.

పిల్ల ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"అమ్మ సామాను సర్దుకుని వెళ్ళిపోయిందా, తాతయ్యా?"