వద్దు అనని బడి

మాటలన్నీ యంత్రాలే రాసిపెడుతున్నాయి కనుక, అప్పటికప్పుడు మాట అల్లి నవ్వించగల మనిషికే ఉద్యోగం. అందుకే వీధివీధినా హాస్యం బడులు. భాస్కరం చదివిన బడిలో ఎదుటివాళ్లు ఏమన్నా ఔనని, ఇంకోటి కలపాలి. అతని భార్య ఇందుమతి బడిలో తానన్న మాటను పెంచాలేగాని వెనక్కి తీసుకోకూడదు.

టిఫిన్ దగ్గర ఆమె అంది: "మీ బడివాళ్లకి వెన్నెముక లేదు."

"ఔను, మీవాళ్లకి బ్రేకులు లేవు."

"అయితే నేను వెళ్లిపోతా."

"సరే, పెట్టె నేను సర్దుతా."

"మళ్లీ రాను."

"అలాగే, తాళంచెవి ఇచ్చి వెళ్లు."

అతను చీరలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. ఆటో వచ్చింది. ఒక్కసారి వద్దంటాడేమోనని ఆమె గుమ్మంలో ఆగి చూసింది.

అతను ఆకాశంకేసి చూశాడు.

"వానొచ్చేలా ఉంది. గొడుగు కూడా తీసుకెళ్లు."